బావగారి కోసం ఇనుప పంజా

మా వీధిలో మా ఆయన్ని అందరూ తుప్పు అంటారు. నేను తుప్పుగారి భార్యని. ఎవరు ఏ పాత ఇనుప ముక్క పారేసినా అది ముందు మా గుమ్మంలో కాసేపు విశ్రాంతి తీసుకుని, తర్వాత పెరట్లోని షెడ్డుకి చేరుతుంది. ఆయనకు వెల్డింగు నేర్పిన గురువెవరూ లేరు. పక్కన నిలబడి చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాడు. మాట మహా తక్కువ. ఏదైనా అడిగితే, జవాబు వచ్చేలోపు నేను ఇంటెడు అంట్లూ తోమేయొచ్చు.

ఆయనకూ వాళ్ల అన్నయ్యకూ కలిపి ఒక చిన్న ట్రాక్టరు ఉంది. దాని ముందువైపు లోడరు, అంటే రెండు ఇనుప చేతులు, వాటి చివర మట్టి ఎత్తే తొట్టె. గాలికి పడిపోయిన చెట్లూ కొమ్మలూ తొలగించడం వాళ్ల పని. మట్టి కోసం చేసిన తొట్టెలో దుంగ నిలబడుతుందా? దొర్లిపోతుంది. అందుకని మా ఆయన సీట్లో కూర్చుని తొట్టె ఎత్తుతుంటే, బావగారు దాని ముందు నిలబడి గడ్డపారతో దుంగను సర్దేవారు. సర్దడం అయ్యాక తొట్టె అంచు మీద టంగుమని ఒక దెబ్బ. అప్పుడు మా ఆయన ఎత్తేవాడు. పని జరుగుతున్నంతసేపూ ఆ అన్నదమ్ములు ఒక్క మాట మాట్లాడుకోవడం నేను చూడలేదు. వాళ్లకు అవసరం రాలేదు.

ఒకరోజు వాన వెలిశాక తడి దుంగ జారి బావగారి కుడికాలి మీద పడింది. ఎవరి తప్పూ కాదు, బెరడు నాని ఉంది. కాలు తీసేయలేదు గానీ ఉండీ లేనట్టే అయింది. తుంటి నుంచి పట్టు తప్పింది. చంకలో కర్ర పెట్టుకుని, ఆ కాలిని ఈడ్చుకుంటూ నడవడమే. నవ్వితే వీధి చివరిదాకా వినపడే మనిషి, కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయారు. పలకరిస్తే "ఊఁ". అంతే, ఉలుకూ పలుకూ లేదు. మా తోడికోడలు నా దగ్గరకొచ్చి కళ్లొత్తుకునేది.

"తిండికి కాదే చెల్లీ నా బాధ. పొద్దున్నే లేచి ఎక్కడికో వెళ్లాలనే ఆశ ఆయనకు లేకుండా పోయింది."

ఆ మాట మా ఆయన చెవిన పడింది. ఆ రాత్రి పడుకోబోతూ చెప్పాడు.

"అన్నయ్యను మళ్లీ ట్రాక్టరు ఎక్కిస్తాను. కింద కొమ్మలు కొట్టే పని నాది, సీట్లో కూర్చుని ఎత్తే పని అన్నయ్యది. దుంగ ముందు ఇక ఎవరూ నిలబడరు. తొట్టె తీసేసి పంజా పెడతాను."

"ఏం పంజా? పులి పంజానా?"

"అలాంటిదే," అన్నాడు నవ్వకుండా.

అది మొదలు మా ఇంట్లో ప్రశాంతత అనేది లేదు. లారీ కమాను పట్టీలు తెచ్చి పంజాకు వేళ్లు చేశాడు. వేడి అతుకు మీద చెంబెడు నీళ్లు గుమ్మరించడం ఆయనకు మొదట్నుంచీ అలవాటు. గేట్లకూ కిటికీ చువ్వలకూ అది చెల్లింది. కమాను పట్టీ గట్టి ఉక్కు, ఒక్కసారిగా చల్లారిస్తే పెళుసెక్కిపోతుంది, ఊరుకుంటుందా? మొదటి దుంగ పట్టగానే రెండు వేళ్లు టప్పున విరిగాయి. మళ్లీ అన్నీ కోసి, ముందు వేడి చేసి అతికి, బూడిదలో పాతిపెట్టి నెమ్మదిగా చల్లార్చాడు. ఆ వేళ్లను మూసి తెరవడానికి పాత టిప్పరు నుంచి ఊడదీసిన జాకీ బిగిస్తే, దాని నూనె గొట్టం పగిలి నేను ఉతికి ఆరేసిన దుప్పట్లన్నీ నల్లగా తడిసిపోయాయి. "మీరూ మీ పంజా కలిసి నన్ను పీక్కుతినండి!" అని నోరు పారేసుకున్నాను. ఆయన ఒక దుప్పటి తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. పంజా బరువుకు ట్రాక్టరు ముందుకు మొగ్గి వెనక చక్రాలు లేచిపోతుంటే, వెనకాల సిమెంటు దిమ్మ కట్టాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా ఒక మాట చెప్పాలి. అన్నయ్య కోసం ఆయన పడ్డ తపన చూస్తే నాకే ముచ్చటేసేది. సీటెక్కడానికి ఎత్తు తక్కువ మెట్టు, పట్టుకోవడానికి కడ్డీ అమర్చాడు. ఆ మెట్టును మూడుసార్లు కోసి మళ్లీ అతికాడు. బ్రేకును చేతి లీవరుకు మార్చాడు. యాక్సిలరేటరు ఎలాగూ చేతిదే. క్లచ్చు ఎడమకాలిది, ఆ కాలికి ఢోకా లేదు. "ఇక కుడికాలితో పనే లేదు," అని నాకు చూపించి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

అది జరిగిన చాలా రోజులకు పంజా తెరిచి మూసే మీట దగ్గరకొచ్చాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉండాలి, ఇంకో చెయ్యి లోడరు లీవరు మీద ఉండాలి. రెండు చేతులూ ఖాళీ లేవు. తను ఎక్కి కూర్చుని చూసుకుంటే, ఊరికే ఉన్నది కుడి పాదమొక్కటే. దాని కింద పెడల్ బిగించాడు. వేళ్లతో తొక్కితే పంజా మూసుకుంటుంది, మడమతో తొక్కితే తెరుచుకుంటుంది. పెరడంతా తిరుగుతూ ఎన్నిసార్లు తొక్కి చూసుకున్నాడో లెక్కలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే బావగారు వచ్చారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వీధిలో వాళ్లు నలుగురు పోగయ్యారు. కర్ర మా తోడికోడలి చేతికిచ్చి, కడ్డీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చున్నారు. కూర్చుని, పంజాను చూసి, "ఒరేయ్! దీంతో ఇల్లు కూడా ఎత్తొచ్చు కదరా!" అని గట్టిగా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది! నాకు కళ్లు చెమర్చాయి. మెల్లగా ముందుకు నడిపి, పంజాను దుంగ మీదకు దించారు.

"ఇక మూసెయ్ అన్నయ్యా!"

"ఎలా?"

"పెడల్ ఉంది చూడు. కుడికాలి కింద."

బావగారు కిందికి చూశారు. రెండు చేతులూ వదిలేసి, కుడికాలిని మోకాలి దగ్గర పట్టుకుని ఎత్తి పెడల్ మీద పెట్టారు. కాలు అక్కడ అలాగే పడి ఉంది. అరచేతులతో మోకాలిని అదిమారు. పంజా బెత్తెడు కదిలి ఆగింది. మళ్లీ అదిమారు. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. మా ఆయన ఒక్క ఉదుటున ట్రాక్టరు దగ్గరకు వెళ్లాడు.

"గంటలో చేతి మీటకు మార్చేస్తానన్నయ్యా! లీవరు మీదే పెట్టేస్తాను. ఒక్క గంట!"

బావగారు ఇంజను ఆపేశారు.

"ఇన్నాళ్లూ మీ షెడ్డులో చప్పుడు వింటూ కూర్చున్నాను రా. అదంతా నా కోసమే అనుకున్నాను. పోనీలే, నీ కాలికి సరిపోయేట్టు చేసుకున్నావు. వాడుకో."

కర్ర అందుకుని వెళ్లిపోయారు. ఒళ్లంతా బొబ్బలెక్కించుకుని చేసిన మనిషిని పట్టుకుని అంత మాటంటారా? వెంటపడి అడిగేద్దామని నాలుగడుగులు వేశాను కూడా. బావగారు ఈడ్చుకుంటున్న ఆ కాలిని చూశాక వెనక్కి తిరిగాను. అటు అనలేక, ఇటు అనలేక ఇంట్లోకొచ్చి గిన్నెలు ఠపఠపా పడేశాను.

మధ్యాహ్నానికల్లా మీట లీవరు మీదకు వచ్చేసింది. పిలవడానికి వెళితే "పడుకున్నారు మరిదీ," అంది మా తోడికోడలు గుమ్మంలోంచి. లోపల రేడియో మోగుతోందట, ఈయన గొంతు వినగానే ఆగిపోయిందట. తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాడు, నేనూ వెళ్లాను. బావగారు రాలేదు. ఇప్పుడు మా ఆయన పనికి ఒక్కడే వెళ్తున్నాడు. "ఇద్దరి పని ఒక్కడివే లాగించేస్తున్నావే తుప్పూ!" అని పనికి పిలిచినవాళ్లు భుజం తడితే, వినపడనట్టు ఇంజను స్టార్టు చేస్తాడట.

ఉండబట్టలేక నిన్న అడిగేశాను.

"మెట్టు ఎత్తు గుర్తుంది, బ్రేకు గుర్తుంది. ఆ పెడల్ బిగించేటప్పుడు ఒక్కసారైనా తట్టలేదా మీకు?"

నేను లేచి వెళ్లిపోబోతుంటే అప్పుడన్నాడు.

"పని సాగేకొద్దీ అన్నయ్య ఆ సీట్లో కూర్చున్నట్టే కనిపించేవాడే. నవ్వుతూ ఉండేవాడు. కాలు బాగుండేది."