రాణి గౌను అంచులో తలవెంట్రుక

పెళ్లిగౌను కుట్టే పెళ్లికాని మనిషి తన తలవెంట్రుక ఒకటి దాని అంచులో దాచి కుడితే, ఏడాది తిరగకుండా ఆమెకూ పెళ్లవుతుందని ఆ సినిమా స్టూడియో కుట్టుగదిలో ఒక నమ్మకం. పారిస్ నుంచి హాలీవుడ్‌కు వచ్చిన మిస్ ఓడెట్ సూదులపెట్టెతోపాటు దానినీ తెచ్చింది. ఆ గదికి పెద్ద ఆమే. ఆ నమ్మకాన్ని అందరికంటే ఎక్కువగా ఎగతాళి చేసిందీ ఆమే. అయినా దాని షరతులు మాత్రం వదలకుండా చెప్పేది. గౌను ఏ దారిన నడిస్తే వెంట్రుక గలదాని బతుకూ ఆ దారినే నడుస్తుంది. దాచిన చేతితోనే దాన్ని పీకేస్తే, రావలసిన పెళ్లి ఇక రాదు. ఓడెట్ పెళ్లి లేకుండానే ముసలిదై, ఒకనాడు కత్తెర చేతిలో ఉండగానే బల్ల మీదికి ఒరిగి కన్నుమూసింది.

ఆమె దగ్గర పని నేర్చిన హెర్మెలిందా నలభై దాటేవరకూ తోటివాళ్ల వెంట్రుకలు దాచి కుట్టిందే గాని తనది ఒక్కటీ పెట్టలేదు. నమ్మకం లేక కాదు, నమ్మితే అడగవలసి వస్తుందని. కోరిక లేనివారికి భయం ఉండదని పెద్దలంటారు. భయం బాగా ముదిరినచోట కూడా కోరిక లేనట్టే కనబడుతుందని ఆమెకు తెలుసు.

ఆ చలికాలం ఒక రాణికథ సినిమా మొదలైంది. రాణి ఒక సామంతుణ్ణి ప్రేమిస్తుంది. సింహాసనం నిలుపుకోవడానికి అతని మరణశాసనం మీద తానే సంతకం పెడుతుంది. నడుమ రహస్యంగా పెళ్లాడే ఘట్టం ఒకటి ఉంది. దానికోసం హెర్మెలిందా దంతపురంగు శాటిన్ గౌను కుట్టింది. వెనక నేల మీద జీరాడే భాగానికి లోపలి గుడ్డగా, ఓడెట్ ఎప్పుడో కుట్టిన పాత పెళ్లిగౌను విప్పి వాడింది.

"ఇందులో కూడా పెట్టకపోతే ఎట్లా లిందక్కా?" అంది పక్కబల్ల దగ్గర కుట్టే కాన్చా. "ఇంకో రెండేళ్లాగు. అప్పటికి నీ వెంట్రుకలూ తెల్లబడతాయి, తెల్లగౌనులో ఎవరికీ కనబడవులే."

హెర్మెలిందా అందరితోపాటు నవ్వి, ఆ పూటే ఎడమపక్క అంచులో తన నల్లవెంట్రుక దాచింది.

ఆ వారంలోనే అన్సెల్మో అడిగాడు. అతను భార్య పోయినవాడు, ఇంటింటికీ ఐసుదిమ్మెలు మోసేవాడు. ఆమె ఇంటి ఐసుపెట్టెలో దిమ్మెను దించి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "రోజూ ఈ మెట్లెక్కి దిగేకంటే ఇక్కడే ఉండిపోతే నా మోకాళ్లు మిగులుతాయి లిందా. ఆలోచించు." ఈస్టర్ వెళ్లాక చూద్దామంది. ఆమె ముఖం చూసి అది సరేనన్న మాటేనని అతనికి అర్థమైంది.

ఇంతలో స్టూడియో పైవాళ్ల మనసు మారింది. రాణి పెళ్లాడితే ఆమె మీద జాలి పుట్టదని ఆ ఘట్టం తీసేశారు. స్టూడియోలో శాటిన్ వృథా పోనివ్వరు. గౌను రంగుతొట్టికి వెళ్లి నల్లగా తిరిగి వచ్చింది. ప్రియుడి తల నరికే వేళ రాణి మేడమెట్ల మీద తొడుక్కుని నిలబడేది ఇక అదే.

ఆదివారం అన్సెల్మో చొక్కా గుండీ విప్పినప్పుడు అతని మెడ చుట్టూ దారం కట్టినట్టు సన్నని ఎర్రగీత కనబడింది.

"ఏమిటది?"

"భుజం మీది తోలుపట్టీ ఒరుసుకుంది."

"ఆ పట్టీ ఇన్నేళ్లుగా ఉన్నదేగా."

"పట్టీ పాతదే. మెడే మెత్తబడినట్టుంది, పెళ్లికొడుకు మెడ కదా!"

ఆమె నవ్వలేదు.

మర్నాడు షూటింగ్ జరిగే చోటికి రమ్మని ఆమెకు కబురొచ్చింది. బయట ఎండ మండుతోంది. లోపల నూనెపొగతో చేసిన మంచు మోకాళ్లదాకా పేరుకుని ఉంది. సామంతుడి వేషగాడు కాలర్ తీసిన మెడతో, తల పెట్టవలసిన మొద్దు మీదే కూర్చుని నారింజపండు ఒలుచుకుంటున్నాడు. పొద్దుటినుంచీ రాణి మెట్లు దిగబోయిన ప్రతిసారీ ఎవరో గౌను తొక్కినట్టు ఆగిపోతోందట. వెనక మనిషన్నవాడు లేడు.

హెర్మెలిందా మోకరిల్లగానే రాణి వేషంలోని తార వంగి గొంతు తగ్గించింది. "నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారమ్మా వీళ్లు. ఎడమపక్క చూడు. తొక్కడం కూడా కాదు, పట్టుకున్నట్టుంది."

ఎడమ అంచు విప్పింది. తన నల్లవెంట్రుక ఉంది. దాని చుట్టూ, పేనిన దారంలా, నల్లరంగు అంటని పొడవాటి తెల్లవెంట్రుక ఒకటి బిగుసుకుని ఉంది. అది ఎవరిదో వెంటనే తెలిసింది. జీవితమంతా ఆ నమ్మకాన్ని చూసి నవ్విన ఓడెట్ కూడా ఎవరూ చూడకుండా ఒకసారి అడిగిందన్నమాట. పాతగుడ్డలో ఉన్నది ఈ అంచులోకి ఎలా నడిచి వచ్చిందో మాత్రం కుట్టుపని తెలిసిన ఆ చేతులకు అంతుపట్టలేదు.

ఆమె తలెత్తి, మొద్దు మీద కూర్చున్నవాడి బోసిమెడ చూసింది. అంచు మళ్లీ మూసి కుట్టేయవచ్చు. అప్పుడు పెళ్లి వస్తుంది, గౌను దారిన. పెళ్లి లేకపోయినా మనిషి ఉంటాడు. మనిషే లేకపోతే ఆ పెళ్లి ఎవరి గుమ్మం తొక్కుతుంది? తన వెంట్రుకను తన చేత్తోనే పీకేసింది. తెల్లది చేతికి రాలేదు; మెల్లగా గుడ్డలోకి జారిపోయింది.

"ఆఁ, వదిలేసింది," అంది తార, ఊపిరి తీసుకుంటూ.

అన్సెల్మో మెడ మీది గీత నాలుగు రోజుల్లో మాసిపోయింది. పెళ్లి వద్దని చెప్పినప్పుడు అతను కారణం అడిగాడు. ఆమె ఏదీ దాచలేదు. "సరే, మెట్లెక్కుతూనే ఉంటానులే," అన్నాడు.

సినిమా విడుదలయ్యాక మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ వెళ్లారు. చివర నల్లగౌనులో రాణి మెట్లు దిగుతోంది. గాలి లేదు. గౌను ఎడమ అంచు మాత్రం నేలనుంచి కొద్దిగా లేచి ఆమె వెంట వస్తోంది.

"రాణి వెనక మోకాళ్ల మీద వస్తున్న ఆ ముసలావిడ ఎవరు?" అన్నాడు అన్సెల్మో.

హెర్మెలిందాకు అక్కడ ఎవరూ కనబడలేదు. "నాకు పని నేర్పినావిడ," అంది. తెరనే చూస్తూ అడిగింది: "చేతిలో కత్తెరుందా?"

అతను ముందుకు వంగి, కళ్లు చిట్లించి చూశాడు.

"లేదు. రెండు చేతులతోనూ గౌనే ఎత్తి పట్టుకుంది."