మ్యాపులో వాగు, వాకిట్లో మగ్గు

ఆ రోజుల్లో నాకు మీసాలకంటే ముందు ఆత్మాభిమానం మొలిచింది. అవమానం ఎంత చిన్నదైనా ఆవకాయలా ఊరబెట్టి ఏళ్ల తరబడి దాచుకోగల ఓపిక నాది. (మూడో తరగతిలో నా పలక మీద కూర్చున్నవాడు ఎదురైతే ఇప్పటికీ ముందుగా పలకరించను.) డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్లో నాయనమ్మ దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు, ఒక పెద్ద అవమానం పంచాయతీ ట్రాక్టరెక్కి వచ్చింది. నిజానికి రాలేదు. రాకపోవడమే అవమానం.

చెత్త ట్రాక్టరు మా ఊరికి కొత్త. మైకులో పాట పెట్టుకుని ఇంటింటి ముందూ ఆగేది. చెత్తబుట్ట బండిలో కుమ్మరిస్తుండగా డ్రైవరు ఫోన్లో ఫోటో తీయాలి. ఫోటో పడగానే ఫోన్లో ఉన్న ఊరి మ్యాపులో ఆ ఇంటి చుక్క ఎరుపు పోయి ఆకుపచ్చగా మారుతుంది. అందరి గడపల ముందూ ఆగిన ఆ బండి మా సందు మొదలు దాకా వచ్చి, మా ఇంటిని కళ్లారా చూసి, వెనక్కి తిరిగిపోయేది. డ్రైవరు నాకు వరసకు మామ. హోటలు దగ్గర పదిమందిలో నిలదీశాను.

"నా మీద ఎగిరితే ఏమొస్తది అల్లుడూ? మ్యాపుల మీ ఇల్లు లేదు. ఆడ వాగున్నది."

"వాగేంది మామా? మొన్న మా ఇంట్ల కూసోని చాయ్ తాగలే నువ్వు?"

"తాగిన. గని ఫోన్ల చూస్తే నీళ్లల్ల కూసోని తాగినట్టే ఉన్నది."

హోటలంతా నవ్వింది. చాయ్ పోసే ఆయన గ్లాసు అందిస్తూ, "మరి మంచంకింద చేపలు దొరుకుతున్నయా?" అని అడిగాడు. సాయంత్రానికల్లా ఊళ్లో నా పేరు 'వాగు పిలగాడు' అయింది. (పైనుంచి ఊరి బొమ్మ తీసిన రోజున వాగు పొంగి మా వాకిలి దాకా వచ్చిందట. తప్పు వాగుదే కావచ్చు. నేను వాగును కూడా క్షమించలేదు.)

ఫిర్యాదుల యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. 'సదరు స్థలంలో నివాసం లేదు. మీ సమస్య పరిష్కరించబడింది' అని జవాబొచ్చింది. వాకిట్లో మంచం మీద నాయనమ్మను కూర్చోబెట్టి ఫోటో తీసి మళ్లీ పంపాను. సమస్య మళ్లీ పరిష్కరించబడింది. ఇక లాభం లేదని రోజూ పంచాయతీ ఆఫీసుకు నడవడం మొదలుపెట్టాను. సెక్రటరీ మేడం నన్ను చూడగానే నుదురు పట్టుకునేది.

"నిన్న గూడ వచ్చినవు గద తమ్మీ?"

"అవ్ మేడం. ఇయ్యాల గూడ మా ఇల్లు ఆడనే ఉన్నది. చెప్పిపోదామని వచ్చిన."

చివరికి ఆమె విసిగిపోయి మా వాకిట్లోకి వచ్చి నిలబడి, ఫోన్లో చుక్క పెట్టింది. "రేపటినుంచి బండి వస్తది. కానీ వారం దాకా చుక్క ఎర్రగనే ఉంటే, ఖాళీ ఇల్లని యాపే తీసేస్తది. మళ్ల నా దగ్గరికి రాకు" అంది.

మర్నాడు పాట పాడుకుంటూ ట్రాక్టరు మా గడప ముందు ఆగింది. నేను రాజ్యం గెలిచినవాడిలా చెత్త కోసం లోపలికి వెళ్లాను. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో చెత్త లేదు. తొక్కలు గేదెకు, బూడిద అంట్లకు, పేడా ఊడ్చిన మట్టీ పెంటకుప్పకు, అక్కణ్ణుంచి చేనుకు. పెంటకుప్ప మీదికి వంగబోతే నాయనమ్మ కర్ర పట్టుకుని అడ్డం నిలబడింది.

"దాని మీద చెయ్యేస్తే చెయ్యిరుగుతది. చేనుకు ఏమెయ్యాలె? నీ ఫిర్యాదు ఏస్తనా?"

"ఉత్త బుట్టకు ఫోటో తీయొద్దు అల్లుడూ, మీదికెల్లి ఆఫీసర్లు చూస్తరు" అని మామ బండి కదిలించాడు. చుక్క ఎర్రగానే ఉండిపోయింది.

ఆ వారం చెత్త పుట్టించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికీ వద్దు. ఆకలి లేకుండా చిప్సు తిన్నాను, బిస్కెట్లు తిన్నాను. కడుపు చెడింది కానీ బుట్ట నిండలేదు. చిప్సు కవర్లలో నాయనమ్మ సొర విత్తనాలు మూటకట్టింది. బిస్కెట్ల అట్టపెట్టెతో పొయ్యి అంటించింది. "మంచి కవర్లురా, ఇంకో రెండు తే" అని మెచ్చుకుంది కూడా.

ఆఖరి రోజు వచ్చింది. ట్రాక్టరు ఆగింది, మామ ఫోనెత్తాడు, నేను ఖాళీ బుట్టతో తల దించుకున్నాను. మళ్లీ వాగులో మునగడానికి సిద్ధమయ్యాను. ఇంతలో నాయనమ్మ స్నానాల జాలారు దగ్గరనుంచి చెవి విరిగిన ప్లాస్టిక్ మగ్గు తెచ్చి బండిలోకి విసిరింది. ఫోను టక్కుమంది. చుక్క పచ్చబడింది. నేను గంతేశాను. బండి కదలబోతుంటే నాయనమ్మ చెయ్యి చాపింది.

"ఆ మగ్గు ఇటియ్యి బిడ్డా."

"ఏసినంక మళ్ల ఎందుకమ్మా?"

"రేపు ఫోటో దియ్యవా మరి?"

ఆనాటినుంచి ఆ మగ్గు మా గేటు పక్క మేకుకు వేలాడుతూ, రోజూ బండెక్కి దిగుతూ మా ఇంటిని మ్యాపులో నిలబెడుతోంది.

ఇప్పుడు నేను భద్రాచలంలో ఉద్యోగం చేస్తూ కిరాయింట్లో ఉంటున్నాను. పొద్దున్నే చెత్తబండి వస్తుంది, నిండు సంచి అందిస్తాను. నా చుక్క ఏనాడూ ఎర్రబడలేదు. మొన్న గోదావరి స్నానానికి వచ్చిన నాయనమ్మ ఆ సంచిని తేరిపార చూసి, "చేను లేకపాయె, మడి లేకపాయె, ఇంత పెంట ఎవరికోసం చేస్తున్నవురా?" అంది. నేను సంచి మూతి ముడేసి బండికి అందించాను; సమస్య పరిష్కరించబడింది.

ఊరికి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే గేటు దగ్గర నిలబడతాను. మామ ఫోటో తీసుకుని, "అందుకో, వాగు పిలగా" అని మగ్గు నా చేతికిస్తాడు. ఆ పేరు పెట్టింది ఎవరో, ఆ రోజు హోటల్లో ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తే. అయినా మగ్గు దులిపి, రేపటికి చేతికందేలా జాగ్రత్తగా మేకుకు తగిలిస్తాను.