సోడా నీళ్లలో మునిగిన పెనాలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెల మొదటి వారంలో, బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్యాంటీన్ మేనేజరుగా చేరాను. అంతకు ముందు పాతికేళ్లకు పైగా తిరుపతి హోటళ్లలో కిచెన్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. కేటరింగ్ డిప్లొమా కూడా ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్ నడపడం హోటలు కంటే తేలికేనని అనుకుంటూ వచ్చాను.

తోతాపురి మామిడికాయ దిగే రోజులవి. హైవే పక్కన కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. మామూలు రోజుల్లో ఉండే జనానికి మూడింతల మంది సీజన్ పనికి వస్తారు. వాళ్లలో ఎక్కువమంది కాయలు ఏరే బల్లల దగ్గర నిలబడి పనిచేసే ఆడవాళ్లు. పొద్దున టిఫిన్‌కు వాళ్లకిచ్చే విరామం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో రెండు దోసెలు, ఒక ఆఫ్ బాయిల్. ఆఫ్ బాయిల్ అంటే మా వైపు ఉడికించిన గుడ్డు కాదు. పెనం మీద కొట్టి, తిరగెయ్యకుండా, పచ్చసొన ఇంకా కదులుతుండగానే దించి మిరియాల పొడి చల్లే గుడ్డు.

గుడ్ల పొయ్యి దగ్గర ఉండేది మునెమ్మ. యాభై దాటిన మనిషి, భర్త లేడు. ఆ క్యాంటీన్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్నది. ఆమె చేతికింద పిడి ఉన్న పోత ఇనుము పెనాలు నాలుగు. నేను చేరిన రోజు చూశాను. నల్లగా, నున్నగా, నూనె పెట్టి దువ్విన జుట్టులా మెరుస్తున్నాయి. నాకవి మురికిగా కనిపించాయి.

అప్పుడే బయటి దేశపు కొనుగోలుదారుల తరఫున తనిఖీ ఉందన్న కబురొచ్చింది. గుజ్జు తయారయ్యే చోటుతో పాటు క్యాంటీన్ కూడా చూస్తారు. నేను ఒక సర్క్యులర్ రాశాను. వంట సామానంతా ప్రతి పూటా బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టాలి, స్టీలు పీచుతో తోమాలి, స్టాండు మీద ఆరబెట్టాలి. కింద సంతకం, ముద్ర. గోడకు అంటించాం. గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్లు దాన్ని తుచ తప్పకుండా పాటించారు.

నాలుగో రోజుకల్లా గుడ్లు అంటుకోవడం మొదలైంది. అట్లకాడ పెట్టి గీకితే తెల్లసొన సగం పెనానికే ఉండిపోయేది, పచ్చసొన చితికిపోయేది. ఒక్కో పెనాన్నీ గీకి, తుడిచి, మళ్లీ వేడిచేసేసరికి క్యూ తలుపు దాటి బయటికి పోయేది. విరామం అయిపోయిందని గంట కొడితే చాలామంది తినకుండానే బల్లల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. ఆ వారంలో ఒకామె కాయలు ఏరుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని తేలింది.

ఫ్యాక్టరీ మేనేజర్ నన్ను పిలిచి రాతపూర్వకంగా నివేదిక అడిగారు. మునెమ్మ గుడ్లకు నూనె తక్కువ పోసి, మిగిలింది ఇంటికి పట్టుకుపోతున్నదని ఎవరో ఆయన చెవిలో వేశారట. ఆమెను పొయ్యి దగ్గర్నుంచి తీసి కాయలు ఏరే పనిలో వెయ్యమని సూచించారు. అది సీజన్ పని. రెండు నెలల్లో ముగుస్తుంది, ఆ తర్వాత ఆమెకు ఉద్యోగం ఉండదు. ఈలోగా అంటుకోని పూత ఉన్న పెనాలు మూడు తెప్పించాం. క్యాంటీన్ పొయ్యి మంటకూ స్టీలు అట్లకాడకూ ఆ పూత వారం కూడా నిలవలేదు, పెచ్చులుగా లేచింది. తిండి సరుకు తయారుచేసే చోట నల్ల పెచ్చులు కనబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెంటనే పక్కన పడేయించాను.

బదిలీ కాగితం టైపయి నా బల్ల మీదికి వచ్చింది. సంతకం పెట్టేముందు ఒకసారి నేనే వండి చూద్దామనిపించింది. నిజం చెప్పాలంటే, తప్పు ఆమెదేనని రుజువు చేద్దామనే వెళ్లాను. మరునాడు పొద్దున ఏప్రాన్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆ ఇనుప పెనం మీదే నూనె ధారాళంగా పోశాను. గుడ్డు కొట్టాను. అంటుకుంది. ఇంకా నూనె పోసి రెండోది కొట్టాను. అదీ అంటుకుంది. మూడోది గీకుతుంటే క్యూలో ముందున్న ఆడమనిషి, "మా మునెమ్మక్కే నయం సార్, సగమన్నా ఇస్తాది" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు.

జనం వెళ్లిపోయాక మునెమ్మను అడిగాను, ఏం జరుగుతోందని. ఆమె పెనాన్ని వెలుతురులోకి తిప్పి చూపించింది. నలుపు పోయి బూడిద రంగు ఇనుము బయటపడింది. అంచున ఎర్రగా తుప్పు.

"సూడండి సార్. పదకొండేండ్లు నూనె తాగి తాగి దానికొక తోలు ఏర్పడి ఉండె. ఆ సోడా నీళ్లల్లో ఏసి ఒలిసేసినారు. వొట్టి ఇనుము మింద గుడ్డు యాడ లేస్తాది?"

"మొదటి రోజే నాకెందుకు చెప్పలేదు?"

ఆమె గోడవైపు చూసింది. "కాయితం కింద మీ సంతకం ఉండాది గదా. పెద్దసదువు సదువుకున్నోళ్లు, తెలిసే రాసినారనుకుంటిని."

నూనె సన్నటి పొరగా వేడికి గట్టిపడి ఇనుముకు పట్టుకుంటుందనీ, ఘాటైన సోడా దాన్ని తినేస్తుందనీ డిప్లొమాలో నేనూ చదివాను. హోటళ్లలో ఇన్నేళ్లూ స్టీలు, అల్యూమినియం సామాను మధ్య తిరిగి ఆ సంగతే మరిచిపోయాను.

బదిలీ కాగితాన్ని వెనక్కి పంపాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పెనాలు బాగుచేశాం. చేసింది ఆమె, నేను పక్కన నిలబడి రాసుకున్నాను. ముందు రాళ్ల ఉప్పుతో రుద్ది తుప్పు తీసింది. కడిగి, చెమ్మ లేకుండా మంట మీదే ఆరబెట్టింది. గోరువెచ్చగా ఉండగా శనక్కాయ నూనె పూసి, పూసినదంతా పాతగుడ్డతో తుడిచేసింది. ఇంత తుడిస్తే ఇంకేం మిగులుతుందని అడిగాను. "మిగిలేదే సాలు సార్. ఎక్కువ ఉంటే జిగురు పడతాది" అన్నది. పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ పూసింది. అలా ఒక్కో పెనానికి ఐదుసార్లు. చివరిసారి సగం కోసిన ఎర్రగడ్డను, అంటే ఉల్లిపాయను, నూనెలో ముంచి రుద్దింది.

గుడ్డు కొట్టే పద్ధతి కూడా చూపించింది. పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్క నిలబడకుండా పరుగెత్తాలి. అప్పుడు మంట తగ్గించి, నూనె వేసి, అది పెనమంతా పరుచుకున్నాక గుడ్డు. ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన గుడ్డు కొట్టకూడదు. కొట్టాక అట్లకాడ పెట్టకూడదు. అంచు తెల్లబడి దానంతటదే లేస్తుంది, అంతవరకూ ఆగాలి. మొదటి గుడ్డు పెనాన్ని వంచగానే పళ్లెంలోకి జారింది. ఆమె దాన్ని నాకే ఇచ్చింది. నిలబడే తిన్నాను.

నివేదికలో కారణం నా సర్క్యులరేనని రాశాను. నూనె గురించి వచ్చిన మాటకు ఆధారం లేదని కూడా రాశాను. ఫ్యాక్టరీ మేనేజర్ చదివి, "మీ మీద మీరే రాసుకున్నారే" అన్నారు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నారు. అడ్డు వచ్చింది క్వాలిటీ విభాగం ఆఫీసరు. సబ్బు తగలని పెనాన్ని తనిఖీ ముందు పెట్టలేనన్నాడు. అతని అభ్యంతరం న్యాయమైనదే. మునెమ్మ పద్ధతిలో, అంటే వేడినీళ్లు, ఉప్పు, ఆపైన మంట మీద ఆరబెట్టడంతో, పెనాలు శుభ్రం చేయించి, వాటి మీద దూదిపుల్ల తిప్పి ల్యాబుకు పంపించాం. దీన్ని స్వాబ్ పరీక్ష అంటారు, క్రిములేమైనా మిగిలాయేమో తెలుస్తుంది. ఫలితం శుభ్రంగా వచ్చింది. కొత్త సర్క్యులర్‌లో ఇనుప పెనాలకు వేరే పేరా చేర్చాం. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ పేరా చదివి, పెనాలు చూసి, వెళ్లిపోయారు. క్యూ మళ్లీ తలుపు లోపలికి వచ్చింది. మునెమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడేళ్లలో వంటింటి గురించి నేను రాసిన ప్రతి ఆదేశాన్నీ, సంతకం పెట్టకముందే పొయ్యి దగ్గర చదివి వినిపించాను. మునెమ్మ రెండింటికి ఒప్పుకోలేదు. ఒకటి మార్చాను. రెండోదానిలో నా మాటే సరైనది, అయినా చేసి చూపించాకే అమలు చేశాను. పై అధికారి తప్పు రాస్తే కిందివాళ్లు అడ్డు చెబుతారని అనుకోకూడదు. వాళ్లు ఆ తప్పును కూడా శ్రద్ధగా పాటిస్తారు. కాబట్టి అడగవలసిన బాధ్యత రాసేవాడిదే.