నా జోకుకు నవ్వని మత్తు డాక్టరమ్మ

ఇబ్రహీంపట్నంలో నా మాటకు నవ్వనివాళ్లు లేరు, ఆ మత్తు డాక్టరమ్మ తప్ప. ఆపరేషన్‌కు ముందు ప్రతి పేషెంటు ఇంటివాళ్లనూ ఒకే ప్రశ్న అడిగేది. మా చెల్లె అపెండిక్స్ ఆపరేషన్‌నాడు నన్నూ అడిగింది.

"మీ ఇంట్ల ఎవరికన్న మత్తిస్తే ఏమన్న అయిందా తమ్మీ?"

"మా అన్న పొద్దుగూకేదాక లేవలే మేడమ్. ఊపిరి గుంజుడు సుత మిషన్‌కే అప్పజెప్పిండు. గంత బద్ధకం!"

నర్సు పకపకా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"మీ అన్నకు మాటలు వినబడ్డయా?"

వినబడ్డాయనే చెప్పేవాడు, కదలలేకపోయాడట. కలగన్నావులే అని మేమే ఎగతాళి చేసేవాళ్లం.

ఆమె సిద్ధంగా ఉన్న ఒక సూదిమందును పక్కన పెట్టించింది. "ఒళ్లు కదలకుండ చేసే ఈ మందు ఎక్కడో ఒకరి ఒంట్ల జల్ది కరగదు. మత్తు దిగి మనిషికి తెలివుంటది, కదలరాదు, ఊపిరాడదు. అన్నకుంటే చెల్లెకూ ఉండొచ్చు. వేరేది ఇస్త."

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చెల్లె చేతిలో తన రెండు వేళ్లు పెట్టింది. "గట్టిగ పిసుకు బిడ్డా."

చెల్లె పిసికింది.

"అబ్బా, ఇడువే!" అంటూ డాక్టరమ్మ తొలిసారి నవ్వింది. నావైపు తిరిగి, "ఇగ జెప్పు తమ్మీ, మీ అన్న జోకు" అంది.

నేను అన్నకు ఫోన్ కలిపాను.