మాధవరం రాజేశ్వరి బొమ్మల పుస్తకాలు

"మూడేళ్లు నిండినాయి, ఇంకా పది మాటలు గూడా రాలేదు. మా పాపకు మాటలొస్తాయంటారా మేడం?"

కడపలో పుస్తకాల ప్రదర్శనకు వచ్చిన శ్రావణి తన పేరైనా చెప్పకుండా అడిగిన మాట అది. కెమిస్ట్రీ లెక్చరర్. పాప సాహితి పలికిన ప్రతి మాటనూ తేదీ వేసి రాసుకుంటుంది. వినికిడి బాగానే ఉందని డాక్టరు చెప్పినా భయం తగ్గలేదు.

ఎదురుగా కూర్చున్న రాజేశ్వరి పిల్లలకు బొమ్మల పుస్తకాలు రాస్తుంది. ఒంటిమిట్ట దగ్గర మాధవరంలో నేతగాళ్ల ఇంట పుట్టి, పదిహేనేళ్లు చీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసింది. ఆ డిజైన్లలోని నెమళ్లకు తమ వీధి పిల్లలు కథలు కట్టడం చూసి, నలభయ్యో ఏట తొలి పుస్తకం వేసింది. ఇప్పటికి పదకొండయ్యాయి. అచ్చుకు ముందు ప్రతి పుస్తకాన్నీ చేత్తో కుట్టి అంగన్‌వాడీకి తీసుకుపోతుంది. పిల్లలు వెనక్కి తిప్పి చూసిన పేజీని ఉంచుతుంది, గబగబా దాటేసినదాన్ని మళ్లీ గీస్తుంది.

శ్రావణి తన వెంట తెచ్చిన పాప ముందు ఒక పుస్తకం తెరిచింది. "ఇదేంటి? ఏం రంగు? చెప్పమ్మా!"

సాహితి మొహం తిప్పుకుంది.

"ఏమ్మా, బిడ్డకు ప్రాక్టికల్స్ పెడతాండావా?" రాజేశ్వరి నవ్వింది. "నువ్వు అడిగేది చూస్తే నాకే భయమైతాంది!"

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పుస్తకం చేతికిచ్చి ఊరుకుంది. సాహితి మేక బొమ్మ దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి కిలకిలా నవ్వింది.

"మేక అను, మే..." శ్రావణి ముందుకు వంగింది.

"ఉండు తల్లీ. డాక్టరు కాడికి పోయేది మానొద్దు. పుస్తకం పట్టుకున్నాక మాత్రం ఏమీ అడగొద్దు. పేజీ పాపనే తిప్పనీ. యాడ నిలబడితే నువ్వూ ఆడే నిలబడు."

ఇప్పుడు శ్రావణి రోజూ అలాగే కూర్చుంటోంది. నిన్న ఒక్క పేజీ దగ్గరే తల్లీబిడ్డలు ఇరవై నిమిషాలు ఉండిపోయారు.