మూడు చోట్ల దాచిన బాణం గుర్తు

చర్చి వార్షికోత్సవానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, శంషాబాద్‌లో మా ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య సులోచన, బడంగ్‌పేట్ నుంచి వచ్చిన బామ్మర్ది డానియేలు. గైర్హాజరు: నా బుద్ధి.

నా డైరీలు చదివితే ఎవరికైనా నిద్ర వస్తుంది. ఈ ఒక్క పేజీ మాత్రం వదలకండి. ఇందులో పద్ధతి గల మనిషి ఒకడు పద్ధతి ప్రకారమే కొంప ముంచుతాడు.

సులోచన చర్చికి పాటలు కడుతుంది. ఆవిడ పాడుతుంటే నేను టైపు చేసి, నా మెయిల్‌కే పంపుకొనేవాణ్ణి. ఎక్కడో ముక్కూమొహం తెలియని సర్వర్‌లో మన ఉత్తరాలా? అందుకని మెయిళ్లన్నీ మా కంప్యూటర్‌లోకి దిగి, అక్కడివి చెరిగిపోయే ఏర్పాటు చేశాను. పాతవన్నీ ఆర్కైవ్ అనే ఒకే ఫైలులో చేర్చాను. తెర మీద కనిపించే దాని బొమ్మను మూడు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేశాను. ఒకటి బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య, ఒకటి డానియేలు ఇంట్లో, ఒకటి మామిడిపల్లిలో మా అన్న దగ్గర. దేశ రహస్యాలకు కూడా అంత కాపలా ఉండదు.

తర్వాత కంప్యూటర్ లోపలెక్కడో అదే పేరుతో ఏనుగంత ఫైలు కనిపించింది. ఒకే వస్తువు రెండు చోట్లా? నా పద్ధతికే అవమానం! పీకేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ శనివారం పాటలు ప్రింటు తీయాలి. తెల్లారితే చర్చిలో అందరూ అవే పాడాలి. తెర మీది బొమ్మ తెరుచుకోలేదు, బీరువాలోని పెన్‌డ్రైవ్ పెట్టినా లాభం లేదు. ఫోన్ చేస్తే డానియేలు తనదీ, దారిలో మామిడిపల్లిదీ తెచ్చాడు. అవీ అంతే.

"బావా, ఈ బొమ్మ మీద బాణం గుర్తు సూసినవా?"

"సూసిన. మంచిగనే ఉన్నది."

"గది ఫైలు కాదు బావా, ఫైలు ఏడుందో సూపెట్టే గుర్తు. అసలుది ఏది?"

"డబుల్ ఉన్నదని తీసేసిన."

"అంటే ఇల్లు కూలగొట్టి, ఇంటికి తొవ్వ సూపెట్టే బోర్డును మూడు జాగల దాసినవ్! దాసేటప్పుడు ఒక్కసారన్న తెరిచి సూసినవా?"

"సీలు ఏసినంక ఎవరన్న తెరుస్తరా?"

"ఏందయ్యా, నా పాటలు లెవ్వా?" అంది సులోచన.

ఇంతలో ఇంటి మీదుగా విమానం పోయింది. మా దగ్గర తిట్లు కూడా విమానం దాటేదాకా ఆగుతాయి. అది దాటింది.

"పొద్దుగాల తిన్న ఇడ్లీ గుడ డైరీల రాసుకుంటివి. నా పాటల కాడికొచ్చేసరికి గిట్ల జేస్తివా? రేపు అందరి ముంగట నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

మర్నాడు ఉదయం సులోచన కాగితం లేకుండానే పాడింది. చివరి చరణం గుర్తురాక ఆగి, నావైపు చూసి, అక్కడికక్కడే కొత్తది కట్టింది:

"మనిషి చేతికిచ్చినదెల్ల మాయమాయె ప్రభువా,
నీ చేత ఉంచినదొక్కటే నిలిచియుండె ప్రభువా!"

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నవాడు డానియేలు.

పాస్టరు గారు ఆనందపడి, మైకులోనే నన్ను పిలిచారు. "అన్నా, ఈ చరణం మీరు జర భద్రంగ దాసిపెట్టుండ్రి."

"వద్దు అయ్యగారూ! మీ కాడనే ఉంచుండ్రి" అంది సులోచన, అదే మైకులో.

కాబట్టి సంఘమంతటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కాపీని తెరిచి చూడనిదే ఇక జన్మలో అసలును ముట్టను. ఈ ప్రమాణపత్రం మాత్రం నా దగ్గర లేదు. సులోచన దాచనివ్వలేదు.