బుద్రమ్మ దున్నిన రాతినేల

ఈ ఉదయం మా అంగన్‌వాడీ కేంద్రంలో పొయ్యి మీద చోడి అంబలి, అదే రాగి జావ, కుతకుతలాడుతోంది. పులిసిన పిండి వాసన గది దాటి వాకిట్లోకి వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, బుద్రమ్మ పక్కన నిలబడినట్టే ఉంటుంది నాకు.

మాది విజయనగరం దగ్గర పల్లె. అరకులోయకు ఎగువనున్న ఈ కొండ ఊరికి టీచరుగా వచ్చిన కొత్తలో నాకు అన్నీ తెలుసనుకునేదాన్ని. ఒకరోజు ఒక తల్లి పిల్లకు అంబలి తాగిస్తుంటే, "ఈ నల్లటి జావేమిటమ్మా? తెల్లన్నం పెట్టు, బలం వస్తుంది" అన్నాను. గుమ్మం దగ్గర అడ్డాకుల విస్తళ్లు కుట్టుకుంటున్న ముసలామె తలెత్తింది. "ఏటి టీచరమ్మా, తిని సెప్తన్నావా, సూసి సెప్తన్నావా?" అంది. ఆమే బుద్రమ్మ. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కొండ ఎక్కించింది. ఆమె చేనులో సామలు, చోళ్లు, కందులు, గుమ్మడి తీగలు అన్నీ కలిసే ఉన్నాయి. "వాన ఒకదాన్ని సంపితే ఇంకోటి మమ్మల్ని బతికిస్తాది" అని, సామవెన్ను నలిపి నా అరచేతిలో గింజలు పోసింది. నోట్లో వేసుకుంటే వేపిన అటుకుల్లా కమ్మగా ఉన్నాయవి.

మరుసటి ఏడు ఊళ్లోకి హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది. అందరూ పాత పంటలు తీసేసి అదే వేశారు. బుద్రమ్మ కొడుకు లచ్చన్న కూడా, తల్లి సంతకు వెళ్లిన రోజు చూసి చేనంతా మొక్కజొన్న చల్లేశాడు. ఇంట్లో పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. ఆమె మాత్రం మర్నాడు పార భుజాన వేసుకుని చేనుకు పైన, ఎవరూ ముట్టని రాతినేలకు వెళ్లింది. నేను సెలవురోజుల్లో వెళ్లి రాళ్లు ఏరి పెట్టేదాన్ని. "ఒక్కదానివీ ఎంతని తవ్వుతావు పెద్దమ్మా?" అంటే, "తవ్వినంత నాది. బేగి పట్టు, వాన కమ్ముతాంది" అంది.

ఆ వాన తర్వాత మబ్బులు మొహం చాటేశాయి. కంకి పట్టే వేళకు మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. రాతినేల మీద బుద్రమ్మ చల్లిన సామలు మాత్రం మోకాలెత్తున నిలబడ్డాయి. ఊళ్లో ఎవరి బుట్టలోనూ పాత విత్తనం మిగల్లేదు. ఆడవాళ్లంతా బుద్రమ్మ ఇంటికి వచ్చారు. ఆమె బూడిద కలిపి దాచిన గింజలు బయటపెట్టి దోసెడు చొప్పున పంచింది. వరసలో లచ్చన్న కూడా నిలబడ్డాడు. "నువ్వు ఆకర్న" అంది తల్లి. అతడు తలదించుకుని చివరికి వెళ్లాడు. అతడి వంతు వచ్చేసరికి ఆమె తనకోసం ఉంచుకున్న దోసెడే మిగిలింది. అదే అతడి కండువాలో పోసింది.

ఆరోజే ఆమె వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని మూడు మాటలు అనుకున్నారు. ప్రతి ఇల్లూ కొంత నేల పాత పంటలకు వదలాలి. ఇంటి తిండికి సరిపడా ఉంచుకున్నాకే సంతకు పంపాలి. విత్తనం అడిగిన ఊరికి లేదనకూడదు. మా పాత విత్తనాల ఉద్యమం పుట్టుక అదే. దానికి పేరు, జెండా చాలా తర్వాత వచ్చాయి. ఇప్పుడు కొండకు అటు పక్క ఊళ్లలోనూ సామలు పండుతున్నాయి. గింజలు మోసుకెళ్లేది లచ్చన్నే.

పోయిన చలికాలం బుద్రమ్మ కన్నుమూసింది. ఎవరూ కలిసి రానప్పుడు కోపం తెచ్చుకోకుండా పని మొదలుపెట్టడం ఆమెను చూసే నేర్చుకున్నాను. మొన్న ఎగువ ఊళ్లో మీటింగు పెడితే ఇద్దరే వచ్చారు. మిగతావాళ్లు వచ్చాక చూద్దామన్నారు వాళ్లు. నేను విత్తనాల మూట పట్టుకుని, ఆ ఇద్దరినీ తీసుకుని వాళ్ల చేనుకు వెళ్లాను.